ఆ నీలం తప్పు

ఆఖరి ట్రామ్ షెడ్డుకి చేరాక
నాకు గంటన్నర ఖాళీ.
వుజ్ నగరంలో ఆ వేళ మెలకువగా ఉండేది
నేనూ, బేకరీ వాళ్ళూ, ఒకటో రెండో అంబులెన్సులూ.
గాలం వేసినవాడిలా
ఫోను మీద వేలు వేసి కూర్చుంటాను.

ఏవేవో తగులుతుంటాయి.
పెరూలో కొండవాలు నిండా ఉప్పుమడులు,
పైనుంచి తీస్తే పగిలిన అద్దంలా.
కొరియాలో ఒక కుర్చీ, మూడే కాళ్ళు,
నాలుగోది కూర్చున్నవాడిదేనట.
ఐస్‌లాండు బస్‌స్టాపులో మంచు పట్టిన గాజు మీద
ఎవరో గోటితో గీసిన గుర్రం,
కరిగేలోపు ఇంకెవరో తీసిన ఫోటో.

నచ్చినవన్నీ పంపను.
రాత్రికి ఒకటే. తొమ్మిదిమందికి.
డిపోలో వెల్డింగ్ చేసే లెహోస్లావ్
ప్రతిసారీ అడుగుతాడు, "ఇది దేనికి పనికొస్తుంది?"
ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం
"బోగ్నా, ఒంట్లో బాగాలేదా?" అంటాడు.

కిందటి నవంబరులో దొరికింది ఒక గుడ్డ.
గుడ్డ కూడా కాదు, గుడ్డ ఫోటో.
బూడిదరంగు మీద ముల్లంగులు, తోకలు పైకి,
వరుస తప్పి పరిగెడుతున్న పిల్లల్లా.
అక్కడక్కడ ఒక నీలం ముల్లంగి
ఎవరితోనో పోట్లాడి అలిగినట్టు పక్కకి తిరిగి.
కింద చిన్న అక్షరాల్లో:
"అరవైల నాటి అచ్చు. గీసినవారు తెలియదు."
ఊరూ పేరూ లేని ముల్లంగులు.
పదకొండు వేలమంది మెచ్చుకున్నారు.
నేనూ పంపాను.

నాలుగింటికే జవాబు, కింగా నుంచి
(నర్సు, ఆమెకీ రాత్రి డ్యూటీలే):
"ఇది మా వంటింటి కర్టెను.
మూలన కాలిన మచ్చ లేదంతే."
తెల్లారాక ఇంకొకటి:
"అమ్మ అంటోంది, మిల్లు డిజైను గదిలో పనిచేసిన
ఓటీలియా గారు వేసిందట.
మా బ్లాకులోనే. నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు."

ఎక్కడెక్కడో తిరిగొచ్చిన బొమ్మ
నా డిపోకి మూడు స్టాపుల అవతల పుట్టింది.

ఆదివారం వెళ్ళాను, గసగసాల కేకు పట్టుకుని.
తొంభైకి రెండు తక్కువ ఆవిడకి.
చేతులు వణుకుతాయి గానీ
కత్తెర పట్టుకుంటే ఆగుతాయట,
నేను అడక్కముందే చెప్పింది.
ఫోను ఇచ్చాను. పదకొండు వేలమంది సంగతీ చెప్పాను.
కళ్ళజోడు తుడుచుకుంది.
బట్టని తడిమినట్టు తెరని తడిమింది.
బొమ్మ పెద్దదైంది, జారిపోయింది,
చెప్పుల ప్రకటనేదో వచ్చింది,
మళ్ళీ వెనక్కి తెచ్చాను.
కన్నీళ్ళ కోసం ఎదురుచూశాను, ఒప్పుకుంటాను.
సిగ్గులేకుండా, ఫోటో తీద్దామని కూడా అనుకున్నాను.
ఆవిడ అంది:
"ఈ నీలం తప్పు."

లేచి, అలమరలోంచి బిస్కెట్ల డబ్బా,
డబ్బాలోంచి కవరు,
కవరులోంచి అగ్గిపెట్టె అంత గుడ్డముక్క.
ఆ నీలానికి నా దగ్గర మాట లేదు.
సిరా కాదు, ఆకాశం కాదు.
"ఆ ఏడు రంగు తక్కువొచ్చింది.
ఉన్నదాంట్లో కాస్త నల్లా, కాస్త ఆకుపచ్చా కలిపి సర్దాం.
మిల్లు వెనక కాలవ వారంరోజులు ఇదే రంగులో పారింది.
బాతులు కూడా."
అప్పుడు నవ్వింది. బాతుల కోసం.

మా ఊరి పేరుకి పడవ అని అర్థం.
నదుల్ని మాత్రం ఎప్పుడో నేల కిందికి తోసి
పైన రోడ్లేశారు.
వాటి మీదుగానే నా ట్రాములు.

గుడ్డముక్కని కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీశాను.
నాలుగుసార్లు.
నాలుగుసార్లూ ఫోను తన నీలమే వేసింది.

ఆ రాత్రి ఎవరికీ బొమ్మ పంపలేదు.
ఇలా రాశాను:
"ముల్లంగులు గీసింది ఓటీలియా పెర్కోవ్‌స్కా.
రంగు చూడాలంటే మెట్లెక్కాలి."

లెహోస్లావ్ జవాబు:
"నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు."
కాసేపాగి,
"ఎన్నింటికి?"